మంగళగిరి చీరల ఫోటోలు గూగుల్‌లో ఎందుకు కనిపించడం లేదు: నా సమాధానం

మీ ప్రశ్న ఇదీ. మీ అత్తగారింట్లో గుంట మగ్గాల మీద నేసే మంగళగిరి చీరలకు ఏడాదిన్నర కిందట సొంత వెబ్‌సైట్ పెట్టుకున్నారు. అందులో 340 చీరల ఫోటోలున్నాయి. ఒక ఏజెన్సీ వాళ్లు ఇమేజ్ ఆప్టిమైజేషన్ అని చెప్పి డబ్బు తీసుకుని ఫోటోలన్నీ కుదించి ఇచ్చారు. అయినా గూగుల్ ఇమేజెస్‌లో మీ చీర ఒక్కటీ కనిపించడం లేదు. మీ దగ్గర కొని అమ్మేవాళ్ల సైట్లలో ఉన్న అవే చీరలు మాత్రం వస్తున్నాయి. ఫోటోలు ఇంకా చిన్నవి చేయాలా అని అడిగారు.

వద్దండి. ఇప్పటికే నాణ్యత పోయేంతగా కుదించేశారు. మీ సైట్ తెరిచి దాదాపు గంటసేపు చూశాను. చిన్న షాపులకు, చేనేత కుటుంబాలకు వెబ్‌సైట్లు చేయడం మొదలుపెట్టి నాకు పద్నాలుగేళ్లయింది. ఈ తప్పు నేను చాలాసార్లు చూశాను, మొదట్లో నేనూ చేశాను. ఆప్టిమైజేషన్ అనగానే అందరికీ ఫైల్ బరువే గుర్తొస్తుంది. బరువు ముఖ్యమే, దాని గురించి కింద వివరంగా రాస్తాను. కానీ గూగుల్ ఒక ఫోటోను వెతికిపెట్టాలంటే ముందు ఆ ఫోటో దానికి దొరకాలి. తర్వాత అదేమిటో మాటల్లో తెలియాలి. మీ సైట్‌లో ఈ రెండూ జరగడం లేదు. ఫోటోలున్నాయి గానీ వాటికి మాటలు లేవు.

మొదట, దొరకకపోవడం గురించి. మీ థీమ్‌లో, అంటే సైట్ రూపాన్ని నిర్ణయించే అచ్చులో, ఒక్కో చీర కార్డు మీద కనిపించే ఫోటో పేజీ కోడ్‌లో ఫోటోలు పెట్టే మామూలు ఇమేజ్ ట్యాగ్‌లో లేదు. పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్ఎస్ కోడ్‌లో బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టారు. మనిషి కంటికి తేడా తెలియదు, చీర చక్కగానే కనిపిస్తుంది. గూగుల్ మాత్రం సీఎస్ఎస్ బ్యాక్‌గ్రౌండ్ ఫోటోలను ఇమేజ్ సెర్చ్‌లోకి తీసుకోదు. ఈ మాట వాళ్లే తమ గైడ్‌లో రాసి పెట్టారు. ఇమేజ్ ట్యాగ్‌లో ఎస్ఆర్‌సీ దగ్గర ఉన్న చిరునామానే అది చదువుతుంది. అంటే మీ క్యాటలాగ్ పేజీలో నలభై చీరలుంటే గూగుల్ లెక్కలో అక్కడ ఒక్క ఫోటో కూడా లేదు. ఏజెన్సీ వాళ్లు వాటిని ఎంత కుదించినా ఫలితం రాకపోవడానికి పెద్ద కారణం ఇదే. థీమ్ చేసిన డెవలపర్‌తో ఈ ఒక్క మార్పు ముందు చేయించండి. తెలిసిన మనిషికి పూట పని.

లోపలి పేజీల్లో ఫోటోలు ఇమేజ్ ట్యాగ్‌లోనే ఉన్నాయి గానీ అక్కడ ఇంకో చిక్కుంది. కిందికి జరిపితేనే ఫోటో లోడ్ అయ్యేలా పాత జావాస్క్రిప్ట్ ఒకటి పెట్టారు. అప్పటిదాకా ఎస్ఆర్‌సీలో ఖాళీ బూడిదరంగు డబ్బా ఉంటుంది. పేజీలను చదివి వెళ్లే గూగుల్ ప్రోగ్రామ్, అంటే గూగుల్ బాట్, మనలా వేలితో పేజీని కిందికి జరపదు, బటన్లు నొక్కదు. అది చూసేది ఆ బూడిద డబ్బానే. ఆ స్క్రిప్ట్ తీసేసి, ఇదే పని చేసే, బ్రౌజర్‌లోనే ఉన్న లేజీ లోడింగ్ వాడండి. క్రోమ్‌లో 2019 నుంచి ఉంది, ఇప్పుడు అన్ని పెద్ద బ్రౌజర్లలో పనిచేస్తుంది. ఫోటో చిరునామా మొదటి నుంచీ ఎస్ఆర్‌సీలోనే ఉంటుంది కాబట్టి బాట్‌కు ఇబ్బంది లేదు.

ఇక మాటల సంగతి. మీ సైట్‌లో చీర వివరాలన్నీ పోస్టర్ మీద ఉన్నాయి. నూలు కౌంట్, అంచు రకం, రంగు, ధర, అన్నీ అను ఫాంట్లలో అందంగా కంపోజ్ చేయించి ఫోటో మీదే అచ్చు వేయించారు. ఈ అలవాటు మన దగ్గర ప్రత్యేకంగా ఎక్కువ. దానికి కారణముంది. డీటీపీ సెంటర్లలో దశాబ్దాలుగా అను ఫాంట్లే వాడారు. అవి ఫోన్లు, వెబ్ అన్నీ చదవగలిగే యూనికోడ్ అక్షరాలు కావు, అక్కడి నుంచి కాపీ చేసి వెబ్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. అందుకని అందరూ ఆ తెలుగును బొమ్మగా మార్చి పెట్టడం మొదలుపెట్టారు. పెళ్లి శుభలేఖ నుంచి కాలేజీ నోటీసు దాకా ఇదే పద్ధతి. అలా ఎంత తెలుగు బొమ్మల్లో ఇరుక్కుపోయిందో తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. బొమ్మలో ఉన్న అక్షరాలను చదవడం ఈ రోజుల్లో కంప్యూటర్లకు వచ్చు. కానీ సెర్చ్‌లో పేజీ నిలబడేది పేజీలో రాసి ఉన్న అక్షరాల మీదే. ముఖ్యమైన మాటలు బొమ్మలో దాచొద్దని గూగుల్ కూడా చెబుతుంది.

కాబట్టి పోస్టర్లు వాట్సాప్ స్టేటస్‌కు ఉంచుకోండి. సైట్‌లో శుభ్రమైన ఫోటో పెట్టి, ఆ వివరాలు ఫోటో కింద యూనికోడ్ తెలుగులో టైప్ చేయండి. పాత మేటర్ అనులో ఉంటే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. మార్చాక ఒకసారి చదువుకోండి, ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి.

ఫైల్ పేర్లు చూశాను. అన్నీ ఐఎమ్‌జీ, తర్వాత తేదీ, తర్వాత డబ్ల్యూఏ0031 అని ఉన్నాయి. అంటే ఫోటోలు వాట్సాప్ మీదుగా వచ్చాయని పేరే చెబుతోంది. ఇకపై పెట్టేవాటికి «mangalagiri-cotton-cheera-nizam-border-vangapandu» అన్నట్టు, ఇంగ్లీషు అక్షరాల్లో, మాటకూ మాటకూ మధ్య హైఫన్ పెట్టి రాయండి. అండర్‌స్కోర్ వద్దు. తెలుగు లిపిలోనే పేరు పెడితే తప్పేం లేదు, గూగుల్ చదువుకుంటుంది. కానీ ఆ లింకును కాపీ చేసి ఎవరికైనా పంపితే ఒక్కో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు తొమ్మిదేసి గుర్తులుగా విడిపోతుంది. మంగళగిరి అన్న ఒక్క మాటే 72 గుర్తులవుతుంది. అంత పొడుగు లింకు చూసి జనం భయపడతారు, అందుకే ఇంగ్లీషు అక్షరాలు అంటున్నాను.

పాత 340 ఫోటోల పేర్లు ఇప్పుడు మార్చకండి. ఫైల్ పేరు వల్ల దక్కే లాభం చిన్నది. పేరు మారితే చిరునామా మారినట్టే, గూగుల్ దాన్ని కొత్త ఫోటోగా మొదటి నుంచి చూడాలి. ఫోటోలను అది మామూలు పేజీలంత తరచుగా వచ్చి చూడదు. తప్పనిసరిగా మార్చాల్సి వస్తే పాత చిరునామాకు వచ్చినవాళ్లను కొత్తదానికి పంపే 301 రీడైరెక్ట్ పెట్టించండి.

ఇప్పుడు ఆల్ట్ టెక్స్ట్, అంటే ఫోటోలో ఏముందో పేజీ కోడ్‌లో మాటల్లో రాసే వాక్యం. నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది ఇక్కడే. మీ 340 ఫోటోలకూ ఆల్ట్‌లో ఒకే వాక్యం ఉంది: «బెస్ట్ మంగళగిరి శారీస్ ఆన్‌లైన్ లో ప్రైస్ హ్యాండ్లూమ్ శారీస్ షాపింగ్». ఏజెన్సీ వాళ్లు అంటించిందే అయ్యుంటుంది. ఇది గూగుల్‌కు పనికిరాదు, మాటలు కుక్కినట్టు కనిపిస్తే చెడు కూడా చేస్తుంది. అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది.

కొన్నేళ్ల కిందట నేను చేసిన ఒక షాపు సైట్‌ను చూపు లేని ఒక టీచర్ గారు వాడి చూశారు. వాళ్లమ్మాయికి చీర కొనాలని. ఆయన ఫోన్‌లో తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పెట్టి నా పేజీని నాకే వినిపించారు. ఆల్ట్ లేని చోట అది ఫైల్ పేరు చదివింది. ఐ ఎమ్ జీ, రెండు, సున్నా, ఒకటి, తొమ్మిది అంటూ ఒక్కో ఫోటోకు ఒక అంకెల దండ. "ఇందులో ఎర్రచీర ఏదో మీరే చెప్పండి బాబూ" అన్నారాయన, కోపం లేకుండానే. ఆ రోజు నుంచి ఆల్ట్‌ను సెర్చ్ కోసం పెట్టే మాటగా చూడటం మానేశాను. చూడలేని మనిషికి ఫోన్‌లో ఆ చీర గురించి ఎలా చెబుతారో, ఆ వాక్యమే ఆల్ట్. గూగుల్ కూడా చూపు లేనిదే అనుకుని రాస్తే సరిపోతుంది. బొమ్మను గుర్తుపట్టే తెలివి దానికి బాగా పెరిగింది, చీర అని, ఎరుపు అని పట్టేస్తుంది. కానీ అది మంగళగిరిదని, ఆ అంచు నిజాం అంచని, చీర ఒంటి మీద, అంటే అంచుల మధ్య భాగంలో, ఉన్నవి మిస్సింగ్ చెక్స్ అనే గళ్లని మీరు చెబితేనే నమ్మకంగా తెలుస్తుంది.

మీ మొదటి పేజీలోని చీరకు నేనైతే ఇలా రాస్తాను: «వంగపండు రంగు మంగళగిరి నూలు చీర, సాదా ఒళ్ళు, రెండు వైపులా సన్నని నిజాం జరీ అంచు». అంతే. దాని పక్కనున్న దగ్గరి ఫోటోకు మళ్లీ అదే రాయకండి. «అదే చీర కొంగు దగ్గరగా, జరీ పట్టీల మధ్య ఎర్ర నూలు గీతలు» అని ఆ ఫోటోలో ఉన్నది రాయండి. పేజీలో అందానికి పెట్టిన మామిడిపిందె డిజైన్లకు, విడదీసే గీతలకు ఆల్ట్‌ను ఖాళీగా ఉంచండి. తీసేయడం వేరు, ఖాళీగా ఉంచడం వేరు. ఖాళీగా ఉంటే స్క్రీన్ రీడర్ దాన్ని దాటి ముందుకు పోతుంది.

రంగుల పేర్ల దగ్గర మీకొక సలహా. సైట్ నిండా పర్పుల్, గ్రీన్, పింక్ అని ఉంది. ఆ మాటలతో వెతికేవాళ్లకు చూపించడానికి గూగుల్ దగ్గర పెద్ద కంపెనీల పేజీలు కుప్పలుగా ఉన్నాయి, వాళ్ల మధ్యలో మీరు కనిపించరు. చీరల కొట్లో ఆడవాళ్లు అడిగేది ఎలాగో మీకు నాకంటే బాగా తెలుసు. కనకాంబరం రంగు, ఉల్లిపొర రంగు, గచ్చకాయ రంగు, చిలకపచ్చ, నెమలికంఠం, రాణి పింక్, రామా గ్రీన్, ఆనంద బ్లూ. వెతికేటప్పుడు టైప్ చేసేదీ అవే మాటలు. ఉల్లిపొర రంగు మంగళగిరి చీర అని ఎవరైనా వెతికితే ఆ మాటలతో రాసిన పేజీలు కొద్దిగానే ఉంటాయి. అక్కడ మీ పేజీకి చోటుంది. మీ అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఫోటో చూపించండి. ఆవిడ నోట ఏ మాట వస్తే అది ఫోన్‌లో రికార్డ్ చేసి తర్వాత టైప్ చేయండి. అంచుకు, పోగుకు, జరీకి ఆవిడ వాడే మాటలు ఏ ఏజెన్సీకీ రావు. నాకు తెలిసిన ఇమేజ్ ఆప్టిమైజేషన్‌లో ఇంతకంటే విలువైన పని లేదు.

తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా అని మీకు అనుమానం రావచ్చు. మనవాళ్లు మూడు రకాలుగా వెతుకుతారు. తెలుగు లిపిలో, ఇంగ్లీషులో, ఇంకా ఎక్కువగా తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి. మూడింటినీ ఒకే ఆల్ట్‌లో కుక్కితే అది వాక్యంగా ఉండదు. పేజీ ఏ భాషలో ఉంటే ఆల్ట్ ఆ భాషలో ఉండాలి. వీలైతే ఇంగ్లీషు పేజీ విడిగా పెట్టి, రెండు పేజీలకూ ఒకే ఫోటో చిరునామా వాడండి. అదే ఫోటోను రెండు చోట్ల రెండు పేర్లతో ఎక్కించొద్దు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పెరిగిన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. పండక్కి చీర వెతికేది వాళ్లు కూడా, వాళ్లకు ఇంగ్లీషు పేజీ కావాలి.

ఆల్ట్ ఒక్కటే చాలదు. ఫోటో చుట్టూ ఉన్న మాటలు, పేజీ టైటిల్, శీర్షిక, ఫోటో కింద వ్యాఖ్య, ఇవన్నీ గూగుల్ చదువుతుంది. అందుకే చీర ఫోటో ఒక చోట, దాని వివరం పేజీ అట్టడుగున ఇంకో చోట ఉండకూడదు. దానితోపాటు ప్రతి చీర పేజీలో ప్రొడక్ట్ స్ట్రక్చర్డ్ డేటా పెట్టించండి. చీర పేరు, ఫోటోల చిరునామాలు, ధర, రూపాయల్లో అన్న గుర్తు, స్టాక్ ఉందా లేదా అన్నవి మెషీన్‌కు అర్థమయ్యే పద్ధతిలో రాయడమే అది. అది సరిగా ఉంటే ఇమేజ్ సెర్చ్‌లో మీ ఫోటో పక్కన ధర, స్టాక్ కనిపించే అవకాశముంది. చాలా షాపు ప్లగిన్లు దీన్ని వాటంతట అవే రాస్తాయి, మీ దాంట్లో ఆ ఆప్షన్ ఆఫ్ చేసి ఉన్నట్టుంది.

ఇప్పుడు బరువు. ఏజెన్సీ వాళ్లు ఏం చేశారంటే, 3000 పిక్సెల్స్ వెడల్పు, 4000 ఎత్తు ఉన్న ఫోటోను అదే కొలతల్లో ఉంచి, నాణ్యతను మాత్రం బాగా తగ్గించేశారు. ఇది తిరగేసిన పని. తగ్గించాల్సింది కొలతలు, నాణ్యత కాదు. లెక్క చూడండి. మామూలు ఫోన్ తెర వెడల్పు సీఎస్ఎస్ లెక్కలో 360 నుంచి 412 దాకా ఉంటుంది. మీ క్యాటలాగ్‌లో వరుసకు రెండు చీరలు కాబట్టి ఒక్కోదానికి సుమారు 180. మంచి ఫోన్లలో ఒక సీఎస్ఎస్ పిక్సెల్‌కు అసలు పిక్సెల్స్ మూడేసి అనుకున్నా 540 చాలు. అంటే 540 వెడల్పు, 720 ఎత్తు, మొత్తం దాదాపు 3.9 లక్షల పిక్సెల్స్. మీరు పంపిస్తున్నది 3000 ఇంటూ 4000, అంటే 120 లక్షలు. అవసరానికి ముప్ఫై రెట్లు. మారుమూల ఊళ్లో బలహీనమైన సిగ్నల్ మీద పేజీ తెరిచిన మనిషి ఆ ముప్ఫై రెట్లకూ తన డేటా ఖర్చు పెడుతున్నాడు, చూస్తున్నది మాత్రం చెదిరిపోయిన చీరను.

ఒక్కో ఫోటోను 600, 900, 1200, 1600 వెడల్పుల్లో తయారు చేసి, ఇమేజ్ ట్యాగ్‌లో ఎస్ఆర్‌సీసెట్ అన్న చోట అన్నీ రాసి, సైజెస్ అన్న చోట ఫోటో పేజీలో ఎంత చోటు తీసుకుంటుందో చెబితే బ్రౌజర్ తనకు సరిపోయేది ఎంచుకుంటుంది. మీ సైట్ నడిచే వర్డ్‌ప్రెస్ ఈ సైజులు చాలావరకు తనే చేస్తుంది. చూడాల్సిందల్లా థీమ్ సైజెస్‌ను సరిగా రాసిందా అని. తప్పుగా రాస్తే చిన్న కార్డుకు కూడా పెద్ద ఫోటో దిగుతుంది, మీ దాంట్లో జరుగుతున్నదదే. పెద్ద సైజు 1200కు తగ్గనివ్వకండి. ఫోన్‌లో వెతక్కుండానే గూగుల్ చూపించే డిస్కవర్ జాబితాలో పెద్ద ఫోటోగా రావాలంటే కనీసం 1200 వెడల్పు అడుగుతారు. పేజీని ఎలా చూపించాలో గూగుల్‌కు చెప్పే రోబోట్స్ మెటా ట్యాగ్‌లో మ్యాక్స్ ఇమేజ్ ప్రివ్యూ లార్జ్ అని కూడా ఉండాలి.

చీరల విషయంలో కుదింపుకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, ఇది మామూలు గైడ్లలో కనబడదు. జేపెగ్, వెబ్‌పీ అనే ఫోటో ఫార్మాట్లు వెలుతురును ప్రతి పిక్సెల్‌కూ దాచి, రంగును మాత్రం సాధారణంగా నాలుగు పిక్సెల్స్‌కు ఒకటి చొప్పున దాస్తాయి. ముఖం ఫోటోకు, చెట్టు ఫోటోకు ఫర్వాలేదు. ముదురు ఎరుపు అంచు మీద సన్నని జరీ గీత ఉన్నప్పుడు మాత్రం ఆ ఎరుపు జరీలోకి కారినట్టు కనిపిస్తుంది. నేతలో లేని మురికి ఫోటోలో వస్తుంది. జేపెగ్‌లో ఈ రంగు కుదింపు ఆపేసే ఆప్షన్ ఉంటుంది, 4:4:4 అని రాసి ఉంటుంది. నాణ్యత కొంత తగ్గించుకునే మామూలు వెబ్‌పీలో ఆ అవకాశం లేదు, ఎప్పుడూ 4:2:0నే, అంటే పైన చెప్పిన నాలుగుకు ఒకటి పద్ధతే. అందులో షార్ప్ వైయూవీ అనే ఆప్షన్ ఆన్ చేస్తే చాలావరకు మెరుగవుతుంది. అందుకని నేను పూర్తి చీర ఫోటోకు వెబ్‌పీ వాడి, అంచు, కొంగు దగ్గరి ఫోటోలకు ఏవిఫ్ అనే కొత్త ఫార్మాట్‌ను 4:4:4లో, లేదా మంచి జేపెగ్ వాడతాను. స్క్వూష్ అని గూగుల్ క్రోమ్ బృందం చేసిన ఉచిత టూల్ ఉంది. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అని పక్కపక్కన చూపిస్తుంది. మీ పది చీరలతో అందులో కూర్చుని కంటితో తేల్చుకోండి. నాణ్యత 75 పెట్టాలి, 80 పెట్టాలి అని ఎవరైనా ఒకే అంకె చెబితే నమ్మకండి. సాదా చీరకు సరిపోయేది మిస్సింగ్ చెక్స్‌కు సరిపోదు.

చెక్స్ చీరల్లో ఇంకోటి. ఫోటో చిన్నదైనప్పుడు ఒంటి మీద అలల్లాంటి చారలు తేలుతున్నాయి చూశారా? అవి చీరలో లేవు. సన్నని గళ్లు పిక్సెల్స్ వరుసతో కలిసి ఆడే ఆట అది. చిన్నది చేసే సాఫ్ట్‌వేర్‌లో లాంక్జోస్ లాంటి మంచి పద్ధతి ఎంచుకుంటే తగ్గుతుంది. అప్పటికీ పోకపోతే ఆ చీరను కొంచెం దగ్గరగా మళ్లీ తీయడమే దారి.

రంగు మారి వచ్చిందని రిటర్న్‌లు వస్తున్నాయని కూడా రాశారు. దానికి వెలుతురు ఒక కారణం, కలర్ ప్రొఫైల్ ఇంకో కారణం కావచ్చు. ఐఫోన్ ఫోటోలు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల కొలతలో ఉంటాయి. కుదించేటప్పుడు టూల్ ఆ ప్రొఫైల్‌ను తీసిపారేసి రంగును మార్చకపోతే రాణి పింక్ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ముందు వెబ్‌లో మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీ కొలతకు మార్చి, తర్వాత కుదించమనండి. అదే ఐఫోన్ 2017 నుంచి ఫోటోలను హీక్ ఫార్మాట్‌లో దాస్తోంది. అది సఫారీలో తప్ప మిగతా పెద్ద బ్రౌజర్లలో తెరుచుకోదు, గూగుల్ సెర్చ్ తీసుకునే ఫార్మాట్లలోనూ లేదు. జేపెగ్, పీఎన్‌జీ, వెబ్‌పీ, జిఫ్, ఎస్‌వీజీ, బీఎంపీ తీసుకుంటుంది, 2024 నుంచి ఏవిఫ్ కూడా. ఫోటోలు సైట్‌కు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అక్కడే సగం నాణ్యత పోతుంది. సొంతింట్లో తీసిన ఫోటోల్లో లొకేషన్ సమాచారం దాగి ఉంటుంది, అప్‌లోడ్ చేసే ముందు అది తీసేయించండి. ఇంటి అడ్రస్ ఊరందరికీ తెలియాల్సిన పని లేదు.

వేగం గురించి రెండే మాటలు. పేజీ తెరవగానే కనిపించే పెద్ద ఫోటో 2.5 సెకన్లలోపు రావాలని గూగుల్ కొలత, దీన్ని ఎల్‌సీపీ అంటారు. ఆ ఒక్క ఫోటోకు లేజీ లోడింగ్ పెట్టకూడదు, మీ సైట్‌లో పెట్టారు. ముందు దీన్నే తెమ్మని బ్రౌజర్‌కు చెప్పేలా దానికి ఫెచ్ ప్రయారిటీ హై అని రాయించండి. ఇంకా ప్రతి ఇమేజ్ ట్యాగ్‌లో వెడల్పు, ఎత్తు అంకెలు ఉండాలి. అవి లేకపోవడం వల్లే ఫోటోలు దిగేకొద్దీ పేజీ కిందికి గెంతుతోంది, ఒక చీర నొక్కబోతే ఇంకోటి తెరుచుకుంటోంది. వేగం ఒక్కదానితో ఎవరూ పైకి రారు, కానీ వచ్చిన మనిషి విసిగి వెళ్లిపోకుండా ఆపేది అదే.

మీకు ఎక్కువ బాధ కలిగించిన విషయానికి వస్తాను. మీ ఫోటోలే రీసెల్లర్ల పేజీల్లో పైన వస్తున్నాయి. ఒకే ఫోటో పది సైట్లలో ఉంటే గూగుల్ అవన్నీ ఒకటేనని గుర్తుపట్టి, ఎక్కువగా ఏదో ఒక పేజీని చూపిస్తుంది. ఇప్పటిదాకా మీ పేజీలో ఫోటోయే దానికి దొరకలేదు కాబట్టి వాళ్లది చూపించింది. మోసమేం జరగలేదు, మీరు లేని చోట వాళ్లున్నారు. ఇకపై రీసెల్లర్ గ్రూపుల్లో పెట్టే ఫోటోలు వేరు, సైట్ ఫోటోలు వేరు చేయండి. ముందు సైట్‌లో పెట్టి, పేజీ సెర్చ్‌లోకి వచ్చాకే గ్రూపులో వేయండి. ఫోటో మధ్యలో పెద్ద వాటర్‌మార్క్ వేసి ఆపుదామనుకోకండి. షాపులు తమ సరుకు వివరాలు గూగుల్‌కు ఇచ్చే మర్చంట్ సెంటర్‌లో వాటర్‌మార్క్, ఆఫర్ అక్షరాలు ఉన్న ఫోటోలను ఒప్పుకోరు, కొనేవాళ్లకు చీరా సరిగా కనిపించదు. దాని బదులు ఫోటో ఫైల్ లోపల దాగి ఉండే వివరాల్లో, అంటే ఐపీటీసీ మెటాడేటాలో, తీసినవారి పేరు, కాపీరైట్ రాసి పెట్టండి. కుదించే టూల్ దాన్ని చెరిపేయకుండా చూసుకోండి.

చేనేతకు మాత్రమే ఉన్న ఇంకో నష్టం మీ సైట్‌లో కనబడింది. ఒక్కో చీర ఒక్కటే పీస్. అమ్ముడవగానే పేజీ డిలీట్ చేస్తున్నారు. ఆ ఫోటోను గూగుల్ నెలల తర్వాత కనుక్కుని, గుర్తుపెట్టుకుని, చూపించడం మొదలుపెట్టే సరికి పేజీ ఉండదు. ఇలా ప్రతి నెలా మీ పునాది మీరే తవ్వేసుకుంటున్నారు. అమ్ముడైన పేజీని ఉంచండి. పైన అమ్ముడైంది అని రాసి, స్ట్రక్చర్డ్ డేటాలో స్టాక్ లేదని మార్చి, ఇదే అంచుతో ఇప్పుడు మగ్గం మీద ఉన్నవి అంటూ కింద రెండు మూడు చీరలకు లింకులివ్వండి. ఇదే రంగులో నేసి ఇస్తాం అని ఆర్డర్ ఫారం కూడా పెట్టొచ్చు. నేను చేసిన ఒక చేనేత సైట్‌లో ఇప్పటికీ ఎక్కువమంది దిగేది ఎప్పుడో అమ్ముడుపోయిన చీరల పేజీల్లోనే. అక్కడి నుంచే కొత్త ఆర్డర్లు వస్తున్నాయి.

గూగుల్ లెన్స్ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. పెళ్లిలో ఎవరో కట్టుకున్న చీర నచ్చితే ఇప్పుడు ఆడపిల్లలు అడగడానికి మొహమాటపడి, ఫోటో తీసి లెన్స్‌లో వెతుకుతున్నారు. అలాంటి ఫోటోకు మీ చీర జత కలవాలంటే మడత పెట్టిన చీర ఒక్కటీ సరిపోదు. కట్టుకున్నది ఒకటి, కొంగు పరిచింది ఒకటి, అంచు దగ్గరగా ఒకటి ఉండాలి. వెనక నులక మంచం, పూలకుండీలు, ఇత్తడి చెంబులు వద్దు, సాదా గోడ చాలు. పగటి వెలుతురులో, నీడపట్టున తీయండి.

సైట్‌లోని పేజీల జాబితాను గూగుల్‌కు ఇచ్చే సైట్‌మ్యాప్‌లో ఫోటోల చిరునామాలు కూడా చేర్పించండి, ఒక పేజీకి వెయ్యి దాకా ఇవ్వొచ్చు. 2022లో గూగుల్ అందులోని క్యాప్షన్, టైటిల్ లాంటి ట్యాగులు తీసేసింది, ఇప్పుడు చిరునామా ఒక్కటే చాలు. బాట్లు ఎక్కడికి రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైల్‌లో, ఫోటోలుండే అప్‌లోడ్స్ ఫోల్డర్‌ను ఆపేయలేదు కదా అని చూడండి. మీది బాగానే ఉంది. ఎవరైనా సెక్యూరిటీ ప్లగిన్ పెడితే మాత్రం మళ్లీ చూసుకోండి.

ఫలితం చూసేది సెర్చ్ కన్సోల్‌లో, అంటే సైట్ సొంతదారులకు గూగుల్ ఇచ్చే టూల్‌లో. పెర్ఫార్మెన్స్ రిపోర్టులో సెర్చ్ టైప్‌ను ఇమేజ్‌కు మార్చండి, ఏ మాటలకు మీ ఫోటోలు కనిపించాయో వస్తుంది. పదహారు నెలల లెక్క ఉంటుంది. యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో ఒక చీర పేజీ ఇచ్చి, గూగుల్‌కు కనిపించిన హెచ్‌టీఎంఎల్‌లో ఫోటో అసలు చిరునామా ఉందా, బూడిద డబ్బా ఉందా చూడండి. డెవలపర్ పని పూర్తి చేశానని చెప్పాక డబ్బిచ్చే ముందు ఈ ఒక్క పరీక్ష చేయండి. ఇమేజ్ సెర్చ్‌లో మార్పు కనబడటానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి రెండు మూడు నెలలు. అప్పటిదాకా టెన్షన్ పడి మళ్లీ అన్నీ మార్చకండి.

340 ఒకేసారి చేయొద్దు. బ్యాక్‌గ్రౌండ్ ఫోటోల మార్పు, లేజీ లోడింగ్ స్క్రిప్ట్ మార్పు డెవలపర్‌కు అప్పగించి, ఈలోగా మీరు ఇరవై చీరలు తీసుకోండి. ఇప్పుడు స్టాక్‌లో ఉన్నవి, మళ్లీ నేయగలిగినవి. అత్తగారి మాటలతో వాటి వివరాలు, ఆల్ట్‌లు రాసి, మొదటి ఐదింటి లింకులు ఇక్కడ పెట్టండి. చదివి ఎక్కడ మార్చాలో చెబుతాను. అంచు పేర్లలో మాత్రం నన్నడక్కండి, అక్కడ ఆవిడ చెప్పిందే రాయండి.